హైదరాబాద్–దుబాయ్ విమానం: దూరం ఒకటే అయినా వెళ్లే సమయం, వచ్చే సమయం వేరుగా ఎందుకున్నాయి?

ప్రశ్న – జగిత్యాల ప్రవాసి

అందరికీ నమస్కారం. నేను దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జగిత్యాల దగ్గరి పల్లెలో ఉంటున్న మా అమ్మానాన్నలను వచ్చే జనవరిలో నెల రోజుల కోసం ఇక్కడికి పిలిపించుకోవాలని అనుకుంటున్నాను. వారిద్దరికీ విమాన ప్రయాణం ఇదే మొదటిసారి. నాన్నకు చక్కెర వ్యాధి ఉంది. అన్నానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు కాబట్టి, విమానంలో ఎంతసేపు ఉంటారు, ఏ వేళకు ఎక్కడ ఉంటారు అన్న లెక్క నాకు ముందుగానే తెలియాలి.

ఆ లెక్క కోసం వెతికితే ఉన్న స్పష్టత కూడా పోయింది. శంషాబాద్ విమానాశ్రయానికీ దుబాయ్ విమానాశ్రయానికీ మధ్య దూరం ఒకచోట 2,547 అనీ, మరోచోట 1,583 అనీ, ఇంకోచోట 1,375 అనీ కనిపించింది. ప్రయాణ సమయం ఒక వెబ్‌సైటులో 3 గంటల 20 నిమిషాలని ఉంది. నేను చూస్తున్న టిక్కెట్టులో మాత్రం విమానం హైదరాబాద్‌లో ఉదయం 10.00 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం 12.25కు దుబాయ్ చేరుతుందని ఉంది. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో రాత్రి 9.45కు బయలుదేరి మర్నాడు తెల్లవారుజామున 2.45కు హైదరాబాద్ చేరుతుందని ఉంది. పైకి చూస్తే వెళ్లడానికి రెండు గంటల పాతిక నిమిషాలు, రావడానికి అయిదు గంటలు. రెండు చోట్ల గడియారాలకు గంటన్నర తేడా ఉందని తెలుసు కాబట్టి దాన్ని సరిచేసి చూశాను. అప్పుడు వెళ్లడానికి 3 గంటల 55 నిమిషాలు, రావడానికి 3 గంటల 30 నిమిషాలు వచ్చింది. అంటే గడియారాల తేడా తీసేసిన తరవాత కూడా ఇరవై అయిదు నిమిషాల తేడా అలాగే మిగిలిపోయింది.

ఒకే దూరానికి ఈ ఇరవై అయిదు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి? దూరం విషయంలో మూడు అంకెల్లో దేన్ని నమ్మాలి? నాన్న కోసం వేసుకునే లెక్కలో వెబ్‌సైటు చెప్పిన సమయాన్ని తీసుకోవాలా, టిక్కెట్టు మీది సమయాన్ని తీసుకోవాలా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని మనవి.


సమాధానం – పాత డిస్పాచర్

నేను చాలా ఏళ్లు ఒక విమానయాన సంస్థలో ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేశాను. ఏ విమానం ఏ దారిలో, ఎంత ఇంధనంతో, ఎంతసేపట్లో వెళ్లాలో బయలుదేరక ముందే లెక్కకట్టడం మా పని. అందుకని మీ ప్రశ్న నాకు పాత రోజులను గుర్తుచేసింది.

మొదట దూరం సంగతి. మీకు కనిపించిన మూడు అంకెలూ సరైనవే, మూడూ ఒకటే దూరం. 2,547 కిలోమీటర్లు, 1,583 మైళ్లు, 1,375 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. విమానాలూ ఓడలూ నడిపేవారు దాన్నే వాడతారు. కొలత పేరు రాయకుండా అంకె మాత్రమే వేసే వెబ్‌సైట్ల వల్ల ఈ గందరగోళం వస్తుంది. ఈ దూరాన్ని రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను బట్టి, గుండ్రని భూమి మీద వాటిని కలిపే అతి దగ్గరి దారిగా లెక్కకడతారు. అటువంటి దారిని మహావృత్తం అంటారు. హైదరాబాద్–దుబాయ్ దారిలో ఇది పటం మీద గీసిన సరళరేఖకు పెద్దగా భిన్నంగా ఉండదు: ముంబయి దగ్గరగా తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా మస్కట్‌కు కొంచెం ఉత్తరంగా సాగి, ఫుజైరా పరిసరాల్లో మళ్లీ నేల మీదికి వస్తుంది. అదే హైదరాబాద్ నుంచి షికాగోకు మహావృత్తం గీస్తే అది 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పైకి పోతుంది. పటం చూసి దూరాన్ని అంచనా వేసేవారు అక్కడ బాగా పొరబడతారు గాని, మీ దారిలో ఆ చిక్కు లేదు.

అయితే విమానం సరిగ్గా ఆ గీత మీదే ఎగరదు. రన్‌వే నుంచి లేచాక నిర్ణయించిన బిందువుల గుండా మలుపులు తీసుకుంటూ దారిలో పడాలి, దిగేటప్పుడు కూడా అలాగే వరుసలో చేరాలి. ఈ కారణంగా 2,547 కిలోమీటర్ల దారి నిజంగా ఎగిరేసరికి 2,600 కిలోమీటర్లు కావడం మామూలే.

ఇక సమయం. మీకు 3 గంటల 20 నిమిషాలని చెప్పిన వెబ్‌సైటు ఏం చేసిందో ఊహించడం కష్టం కాదు. 2,547ను గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 2 గంటల 50 నిమిషాలు వస్తుంది, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఒక అరగంట కలిపితే సరిగ్గా 3 గంటల 20 నిమిషాలు. అది ఏ విమానానిదీ కాదు, ఏ రోజుదీ కాదు, ఏ దిక్కుదీ కాదు. ఈ దారిలో తిరిగే ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 రకం విమానాలు పైన నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతాయి. బోయింగ్ 777 వంటి పెద్దవి దాదాపు 890తో పోతాయి. ఆ వేగం కూడా చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేదే గాని నేలతో పోల్చి చెప్పేది కాదు. మీ ఇరవై అయిదు నిమిషాలూ ఈ తేడాలోనే ఉన్నాయి. గోదావరిలో ఏటికి ఎదురు వెళ్లే లాంచీ, ఏటివాలుకు వచ్చే లాంచీ ఇంజను ఒకే తీరున తిప్పినా ఒకే సమయంలో రేవు చేరవు కదా, విమానానికి గాలి అటువంటిదే.

అంకెల్లో చూపిస్తాను. 2,600 కిలోమీటర్ల దారి, 830 వేగం, గాలి లేదనుకుంటే 3 గంటల 8 నిమిషాలు. గంటకు 60 కిలోమీటర్ల పడమటి గాలి వీస్తోందనుకుందాం. దుబాయ్ వెళ్లేటప్పుడు నేల మీది వేగం 770కి పడిపోయి 3 గంటల 23 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు 890కి పెరిగి 2 గంటల 55 నిమిషాలు పడుతుంది. దాదాపు అరగంట తేడా ఇక్కడే వచ్చేసింది. దీనికి పైకి లేచే, కిందికి దిగే దశల్లో వేగం తగ్గడం వల్ల పోయే పది నిమిషాలూ, రెండు విమానాశ్రయాల్లో విమానం నేల మీద మెల్లగా నడిచే ఇరవై నిమిషాలూ కలపండి. 3 గంటల 53 నిమిషాలు, 3 గంటల 25 నిమిషాలు. మీ టిక్కెట్టుకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

టిక్కెట్టు మీది సమయాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. విమానం గేటు దగ్గర చక్రాలకు పెట్టిన అడ్డుదిమ్మెలు తీసి కదిలిన క్షణం నుంచి, అవతలి విమానాశ్రయంలో నిలిచి మళ్లీ దిమ్మెలు పెట్టే క్షణం దాకా అది లెక్క. మీ నాన్నగారి కోసం దాన్నే తీసుకోండి. వెబ్‌సైటు అంకెను పక్కన పెట్టేయండి.


సమాధానం – మానేరు ఒడ్డు

పై వివరణ బాగుంది గాని, దీనికి భూమి తిరగడం అసలు కారణం కాదా? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి తూర్పుకు వచ్చే విమానానికి ఆ తిరుగుడు తోడవుతుందనీ, అందుకే గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చే విమానం త్వరగా వస్తుందనీ మా గల్ఫ్ స్నేహితులందరూ చెప్పుకుంటారు. నేను కూడా ఇన్నాళ్లూ అదే విన్నాను.


సమాధానం – భూగోళం పంతులు

మానేరు ఒడ్డు గారూ, ఈ మాట చాలామంది నోట వింటాం కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. హైదరాబాద్ ఉన్న అక్షాంశం దగ్గర భూమి ఉపరితలం గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. విమానం గాలిలోకి లేవగానే ఆ వేగాన్ని వదిలేసి, భూమి మాత్రం కింద తిరుగుతూ పోతుందని అనుకుంటే జరిగేది మీరన్నదానికి పూర్తిగా వ్యతిరేకం: పడమరకు వెళ్లే విమానానికి దుబాయ్ తానే ఎదురువచ్చి గంట సేపట్లో చేరిపోవాలి, తూర్పుకు వచ్చే విమానమో, 830 వేగంతో పోతూ 1,600 వేగంతో పారిపోతున్న హైదరాబాద్‌ను ఎన్నటికీ అందుకోలేదు. అలా జరగడం లేదంటే, నేలా గాలీ విమానమూ అన్నీ కలిసే తిరుగుతున్నాయన్న మాట. కాబట్టి భూమి తిరగడం విమానానికి నేరుగా సాయమూ చేయదు, అడ్డమూ పడదు.

పరోక్షంగా మాత్రం ఆ తిరుగుడుకు పాత్ర ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ధ్రువాల వైపు కదులుతుంది. అక్కడి నేల తిరిగే వేగం తక్కువ, గాలి మాత్రం తనతో తెచ్చుకున్న తూర్పు వేగాన్ని నిలుపుకుంటుంది. అందువల్ల ముందుకు పోయిన కొద్దీ అది తూర్పుకు దూసుకుపోయే గాలిగా మారుతుంది. 25 నుంచి 30 డిగ్రీల అక్షాంశాల మధ్య, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున ఇది ఒక ఇరుకైన ధారగా ఏర్పడుతుంది. దాన్నే ఉప ఉష్ణమండల జెట్ ప్రవాహం అంటారు. చలికాలంలో ఇది హిమాలయాలకు దక్షిణంగా, ఉత్తర భారతదేశం మీదుగా వీస్తుంది. దాని నడిమి భాగంలో వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటడం సాధారణమే.

ఇప్పుడు పటం ముందు పెట్టుకుంటే హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, దుబాయ్ 25 మీద ఉన్నాయి. అంటే మీ విమానం బయలుదేరిన చోట జెట్ ప్రవాహానికి బాగా దక్షిణంగా ఉంటుంది, దుబాయ్ దగ్గరపడే కొద్దీ దాని అంచుకు చేరుతుంది. ఎదురుగాలి దారి పొడవునా ఒకే తీరున ఉండదు. మహారాష్ట్ర మీద తక్కువగా ఉండి, ఒమన్ తీరం వైపు వెళ్తున్న కొద్దీ పెరుగుతుంది. డిస్పాచర్ గారు చెప్పిన 60 కిలోమీటర్లను ఆ మొత్తానికి సగటుగా అర్థం చేసుకోవాలి. ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే విమానాలు చలికాలంలో ఇంతకంటే ఎక్కువ ఎదురుగాలిని మోస్తాయి, ఎందుకంటే అవి ఆ ధారలోనే ప్రయాణిస్తాయి.

వానాకాలంలో కథ మారిపోతుంది. జూన్ నాటికి ఈ పడమటి జెట్ హిమాలయాలకు ఉత్తరంగా వెళ్లిపోతుంది. దక్షిణ భారతదేశం మీద దానికి విరుద్ధంగా, తూర్పు నుంచి పడమరకు వీచే మరొక జెట్ ప్రవాహం ఏర్పడుతుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ అంటారు. 1950లలో దీన్ని లోకానికి స్పష్టంగా చూపించినవారు, తరవాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన మన తెలుగువారు పి. కోటేశ్వరం గారు. నైరుతి రుతుపవనాలను చదివేవారెవరూ ఆయన పనిని దాటి పోలేరు. పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఇంకా పెద్దగా కనిపించాలని నా కోరిక, అది వేరే సంగతి. ఈ తూర్పు జెట్ నడిమి భాగం విమానాలు ఎగిరే ఎత్తుకంటే పైనే ఉంటుంది గాని, దాని ప్రభావం వల్ల జులై, ఆగస్టు నెలల్లో దక్కను మీద 11, 12 కిలోమీటర్ల ఎత్తున కూడా తూర్పు గాలులే వీస్తాయి. అందువల్ల ఆ నెలల్లో దుబాయ్ వెళ్లే విమానానికి ఎదురుగాలి బెడద బాగా తగ్గుతుంది, వెళ్లే సమయానికీ వచ్చే సమయానికీ మధ్య తేడా కుదించుకుపోతుంది. జగిత్యాల ప్రవాసి గారు జనవరిని ఎంచుకున్నారు కాబట్టి తేడా బాగా కనిపించే కాలాన్నే ఎంచుకున్నట్టు.


జగిత్యాల ప్రవాసి

ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఇంతకాలంగా ఈ దారిలో తిరుగుతున్నా వెనక ఇంత లెక్క ఉందని అనుకోలేదు.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. నేను వచ్చినప్పుడల్లా విమానం చెప్పిన సమయం కంటే పది, పదిహేను నిమిషాలు ముందే దిగిన సందర్భాలు ఎక్కువ. బ్లాక్ టైమ్ అంత జాగ్రత్తగా లెక్కకట్టినదైతే ఇలా ఎందుకు జరుగుతుంది? రెండోది, ఢిల్లీ నుంచి గల్ఫ్ వచ్చే నా సహోద్యోగి పాకిస్తాన్ గగనతలం మూసివేత వల్ల తన ప్రయాణం పొడుగైందని అంటున్నాడు. మా అమ్మానాన్నల దారికి కూడా ఆ ఇబ్బంది ఉంటుందా?


సమాధానం – పాత డిస్పాచర్

రెండోది సులువు కాబట్టి ముందు చెబుతాను. ఢిల్లీ–దుబాయ్ మహావృత్తం పాకిస్తాన్ భూభాగం మీదుగానే పోతుంది. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానయాన సంస్థలకు మూసివేసింది, దాంతో ఆ సంస్థల ఢిల్లీ విమానాలు గుజరాత్ వైపు దిగివచ్చి సముద్రం మీదుగా చుట్టూ పోవలసి వచ్చింది. 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా కూడా ఇలాగే జరిగింది. మీ అమ్మానాన్నల దారి కరాచీ తీరానికి బాగా దక్షిణంగా, అరేబియా సముద్రం మీదుగా సాగుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కు వెళ్లడానికి పాకిస్తాన్ నేల మీదుగా పోవలసిన అవసరమే లేదు.

మొదటి సందేహం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. షెడ్యూలులో రాసే బ్లాక్ టైమ్ ఏ ఒక్క రోజు గాలినో బట్టి రాసేది కాదు. విమానయాన సంస్థలు ఏడాదిని రెండు షెడ్యూళ్లుగా విడదీస్తాయి: మార్చి చివరి ఆదివారం నుంచి వేసవి షెడ్యూలు, అక్టోబరు చివరి ఆదివారం నుంచి చలికాలపు షెడ్యూలు. ఒక్కో షెడ్యూలుకు, ఆ కాలంలో గత సంవత్సరాల్లో ఈ దారిలో విమానాలకు నిజంగా పట్టిన సమయాలను చూసి, ఎక్కువ రోజులు సరిపోయేటంత సమయాన్ని రాస్తారు. సగటు రాస్తే సగం విమానాలు ఆలస్యంగా చేరినట్టే లెక్క. చెప్పిన వేళ దాటి పదిహేను నిమిషాల లోపు చేరితే సకాలంలో చేరినట్టు లెక్కించడం ఈ రంగంలో ఆనవాయితీ. ఆ లెక్కలో మంచిపేరు కోసం ప్రతి సంస్థా కొన్ని నిమిషాలు ఎక్కువే వేసుకుంటుంది. కాబట్టి మీ విమానం పది నిమిషాలు ముందు దిగడం పైలట్ వేగంగా నడపడం వల్ల కానక్కరలేదు, ఆ రోజు ఆ అదనపు నిమిషాలు ఖర్చు కాలేదు, అంతే. ప్రయాణికులు దీన్ని మోసమంటారు. నాకైతే తెలిసి చెప్పిన ఎక్కువ సమయం, తెలియక చెప్పిన తక్కువ సమయం కంటే మేలనిపిస్తుంది.

ఆ నిమిషాలు ఖర్చయ్యే చోట్లు కూడా ఉన్నాయి. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగా దిగుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. వానాకాలంలో నేల దగ్గర పడమటి గాలి వీస్తుంది కాబట్టి విమానం పడమరకే లేచి నేరుగా తన దారిలో పడుతుంది. జనవరిలో తూర్పు, ఈశాన్య గాలులు ఉంటాయి కాబట్టి చాలా రోజుల్లో తూర్పుకు లేచి, మెడ తిప్పుకొని మళ్లీ పడమరకు రావాలి. అక్కడ కొన్ని నిమిషాలు పోతాయి. దుబాయ్ రన్‌వేలు వాయవ్య ఆగ్నేయాలుగా ఉన్నాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి వాయవ్యం నుంచి వీస్తున్నప్పుడు తూర్పు వైపు నుంచి వచ్చే విమానం దాదాపు తిన్నగా వచ్చి దిగుతుంది. తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి వీస్తే సముద్రం మీదికి పోయి చుట్టి రావాలి. మీరు చూస్తున్న మధ్యాహ్నపు విమానానికి ఈ విషయంలో అనుకూలమే. ఆపైన దుబాయ్ రద్దీ ఎక్కువ గల విమానాశ్రయం, రెండే రన్‌వేలు. తన వంతు వచ్చే దాకా ఆకాశంలో చక్కర్లు కొట్టించడం అప్పుడప్పుడూ తప్పదు. చలికాలంలో వేకువ వేళల పొగమంచు రెండు చోట్లా ఉంటుంది, కానీ ఉదయం పది గంటల విమానానికి ఆ భయం తక్కువ.

మీకు ఆసక్తి ఉంటే సీటు ముందున్న తెరలో ఎత్తు గమనించండి. పడమరకు వెళ్లేటప్పుడు 36,000, 38,000 అడుగుల వంటి సరి వేలూ, తూర్పుకు వచ్చేటప్పుడు 35,000, 37,000 వంటి బేసి వేలూ కనిపిస్తాయి. ఎదురెదురుగా వచ్చే విమానాల మధ్య వెయ్యి అడుగుల ఎడం ఉండేందుకు ఈ నియమం పెట్టారు. అదే తెరలో నేల మీది వేగం కూడా చూపిస్తారు. వెళ్లేటప్పుడు 770 దగ్గరా, వచ్చేటప్పుడు 890 దగ్గరా కనిపిస్తే అది ఇక్కడ మనం మాట్లాడుకుంటున్న గాలే.


సమాధానం – షార్జా గృహిణి

ఆకాశంలోని లెక్కలు పెద్దలు చెప్పారు. మా అత్తమామలను ఇలాగే పిలిపించుకున్న అనుభవంతో నేను నేల మీది లెక్క చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారి రోజులో విమానం తీసుకునేది చిన్న భాగమే.

జగిత్యాల నుంచి రాజీవ్ రహదారి మీదుగా వచ్చి, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి, దారిలో ఒకచోట ఆగి టీ తాగినా, నాలుగు గంటలకు తక్కువ పట్టదు. అంటే కారులో ప్రయాణం విమాన ప్రయాణం కంటే పొడుగు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి కాబట్టి ఉదయం 10.00 గంటల విమానానికి ఇల్లు వదలవలసింది రాత్రి మూడు గంటలకు. పెద్దవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. వీలైతే ముందురోజే హైదరాబాద్‌లో బంధువుల ఇంటికో శంషాబాద్ దగ్గరి హోటల్‌కో చేర్చండి.

భోజనం, ఇన్సులిన్ సంగతి. ఆ రోజంతా మీ నాన్నగారి చేతి గడియారాన్ని మన భారత సమయంలోనే ఉంచమనండి. దుబాయ్‌లో మధ్యాహ్నం 12.25కు విమానం నిలిచేసరికి ఆయన శరీరానికి 1.55 అయి ఉంటుంది. ఇమిగ్రేషన్ వరుస, సామాన్లు, మీ కారు, ఇల్లు అన్నీ కలుపుకొంటే మీ ఇంట్లో కంచం ముందు కూర్చునేసరికి భారత సమయం నాలుగు దాటుతుంది. కాబట్టి మధ్యాహ్న భోజనాన్ని ఇంటికి వాయిదా వేయకుండా విమానంలోనే, భారత సమయం ఒంటి గంట ప్రాంతంలో తినేటట్టు చూడాలి. తక్కువ ధర విమానాల్లో భోజనం టిక్కెట్టులో కలిసి ఉండదు, ముందుగానే డబ్బు కట్టి చెప్పుకోవాలి. లేదంటే ఇంటి నుంచి చపాతీలు, పొడి కూర కట్టించి పంపండి. మొదటిసారి ఎక్కినవారు అక్కడి అమ్మాయిని పిలిచి అడగడానికి మొహమాటపడి ఆకలితో కూర్చుంటారు, ఇది నేను కళ్లారా చూశాను. భోజనం నిజంగా చేతికి వచ్చాకే ఇన్సులిన్ వేసుకోమని చెప్పండి, ఎందుకంటే విమానం కుదుపుల్లో పడితే వడ్డన ఆపేస్తారు. ఇన్సులిన్‌ను సామాన్లలో వేయకుండా డాక్టర్ చీటీతో పాటు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. కింద సామాన్ల అరలో చలికి అది పాడయ్యే ప్రమాదం ఉంది. గంటన్నర సమయం తేడాకు మోతాదుల వేళలను ఎలా సర్దుకోవాలో మాత్రం ఆయన డాక్టర్‌నే అడగండి.

నడక గురించి కూడా ఆలోచించండి. దుబాయ్ విమానాశ్రయం చాలా పెద్దది. ఒకటో టెర్మినల్‌కు వచ్చే విమానాలు డి కాంకోర్స్ అనే విడి భవనం దగ్గర నిలుస్తాయి, అక్కడి నుంచి ఇమిగ్రేషన్‌కు చిన్న రైలు ఎక్కి వెళ్లాలి. చదువు రాని పెద్దలు అక్కడ తికమక పడతారు. టిక్కెట్టు తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ సాయం కోరితే విమానం తలుపు దగ్గర నుంచి బయటి దాకా ఒక మనిషి తీసుకువస్తాడు. దారి తప్పుతామనే బెంగ తీరుతుంది, వరుసల్లో నిలబడే సమయమూ తగ్గుతుంది.


జగిత్యాల ప్రవాసి

అమ్మా, మీరు చెప్పిన భోజనం లెక్క నేను పూర్తిగా వదిలేసినది. మీ అందరి మాటలను బట్టి ఆ రోజును ఇలా అనుకుంటున్నాను: ముందురోజు సాయంత్రానికి ఇద్దరినీ శంషాబాద్ దగ్గరికి చేర్చడం, ఉదయం ఆరు గంటలకు టిఫిన్, ఇన్సులిన్, ఏడింటికి విమానాశ్రయం, 10.00కు విమానం కదలడం. ఒంటి గంటకు విమానంలో భోజనం. భారత సమయం 1.55కు, అంటే ఇక్కడి 12.25కు దుబాయ్‌లో దిగడం. తిరుగు ప్రయాణం రాత్రిపూట కాబట్టి ఇక్కడే ఎనిమిది లోపు భోజనం పెట్టి పంపిస్తాను. విమానాశ్రయంలోకి అంతకంటే ముందే వెళ్లాలి కాబట్టి అవసరమైతే లోపల తినేటట్టు కట్టిస్తాను.

ఒక్కటి మిగిలింది. నేను 12.25కు టెర్మినల్ బయట ఉంటే సరిపోతుందా?


సమాధానం – షార్జా గృహిణి

12.25కు బయట నిలబడితే ఊరికే గంట సేపు పార్కింగ్ డబ్బు కడతారు. 12.25 అన్నది విమానం నిలిచే సమయం. చక్రాల కుర్చీ ఉన్నవారిని విమానం నుంచి చివరన దింపుతారు, ఆపైన ఇమిగ్రేషన్, సామాన్లు. మధ్యాహ్నం 1.15 ప్రాంతానికి చేరుకుంటే చాలు.

ఇంకొక జాగ్రత్త. టిక్కెట్టులో ‘దుబాయ్’ అన్న పేరు ఒక్కటే చూడకండి, పక్కనున్న మూడక్షరాల కోడ్ చూడండి. డీఎక్స్‌బీ అయితే నగరంలోని పెద్ద విమానాశ్రయం. డీడబ్ల్యూసీ అయితే అల్ మక్తూమ్ విమానాశ్రయం, జెబెల్ అలీ వైపు ఊరికి చాలా దూరం. ఎస్‌హెచ్‌జే అయితే మా షార్జా. హైదరాబాద్ నుంచి ఇక్కడికీ నేరుగా విమానాలు ఉన్నాయి, ఆకాశంలో సమయం దాదాపు అంతే, కానీ రద్దీ వేళ షార్జా, దుబాయ్‌ల మధ్య రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.


సమాధానం – పాత డిస్పాచర్

ఆమె చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. ఆ రోజు ఇంటి నుంచి బయలుదేరే ముందు విమానం నంబరుతో దాని స్థితిని చూడండి. హైదరాబాద్‌లో గేటు వదిలిన సమయం, గాలిలోకి లేచిన సమయం, చేరే అంచనా మూడూ విడివిడిగా కనిపిస్తాయి. వాటిలో గాలిలోకి లేచిన సమయం తెలిసిన తరవాత వేసిన అంచనానే నమ్మండి. అప్పటికి ఆ రోజు గాలి లెక్క, దారి లెక్క అన్నీ అందులో చేరి ఉంటాయి కాబట్టి, చక్కర్లు కొట్టించకపోతే మామూలుగా అందులో అయిదారు నిమిషాలకు మించి తేడా రాదు.